ఇద్దరి మాటా నెగ్గిన కషాయం

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర నాన్న, అతని ఎదురుగా సగం కుట్టిన కోటు తొడుక్కుని చేతులు చాచి నిలబడ్డ నర్సు, వంటింట్లో అమ్మ, వెనక గదిలో నాయనమ్మ, గుమ్మంలో గుండీల డబ్బా పట్టుకుని మైకు. ఆ పిల్ల బెల్లం కొట్టిన రాయిలా ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు వెటకారంగా ఆ పేరు పెట్టారు.

నాన్నకు షుగర్. అమ్మది మాత్రల పార్టీ, నాయనమ్మది కషాయం పార్టీ. మాత్రలు లోపలంతా తినేస్తాయని ఈవిడ, ఆకులూ అలములూ నమ్ముకుంటే కాళ్లు పోతాయని ఆవిడ. మధ్యలో నాన్న అడకత్తెరలో పోకచెక్క. చివరికి పాము చావకుండా కర్ర విరగకుండా ఒక ఉపాయం కనిపెట్టాడు. అమ్మ ముందు మాత్ర మింగేవాడు, నాయనమ్మ పంపిన కషాయం చాటుగా తాగేవాడు. కషాయం జోలికే పోనని అమ్మతో, మాత్రలు మానేశానని నాయనమ్మతో చెప్పేవాడు. గ్లాసు మోసేది మైకే. అమ్మకు చెప్పనని నాయనమ్మ దగ్గర మాటిచ్చింది.

కిందటి పరీక్షలో షుగర్ బాగా తగ్గింది. రెండు పార్టీలూ గెలిచాయి. అత్తాకోడళ్లు ఎవరికి వారే ఆ పూటంతా నవ్వు మొహాలతో తిరిగారు.

ఇప్పుడేమో నాన్న కోటు చేతికి గుర్తు పెట్టబోయి నర్సు మణికట్టు మీద సుద్దగీత గీశాడు. వేళ్లు వణుకుతున్నాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది. నర్సు గబుక్కున కుర్చీలో కూర్చోబెట్టి చక్కెర నీళ్లు తాగించింది. సంచిలోంచి చిన్న మిషను తీసి వేలి రక్తం చూసి, షుగర్ మరీ పడిపోయిందని మొహం చిట్లించింది.

మాత్రకు తోడు ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగింది. ఏమీ లేదండీ అన్నాడు నాన్న. ఒక్క మాత్రే, నేనే చేతిలో పెడతానంది అమ్మ. వెనక గది గుమ్మంలోకి వచ్చిన నాయనమ్మ మైకు వైపు కళ్లురిమింది.

"నిజం చెప్పండి. నిద్రలో ఇలా పడిపోతే మళ్లీ లేవరు" అంది నర్సు.

మైకు గుండీల డబ్బా కింద పెట్టేసింది.

"కషాయం కూడా తాగుతున్నాడు. రోజూ నేనే ఇస్తున్నా."

అందరూ అటు తిరిగారు. ఆ గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు మరి.

నర్సు ఎవరినీ తిట్టలేదు. కషాయమూ షుగర్‌ని దించుతుండొచ్చు, అదే ఇక్కడ ప్రమాదం అంది. మాత్రలో మందు ఎంతుందో తెలుసు, గ్లాసులో ఎంతుందో ఎవరికీ తెలీదు, రెండూ కలిసి ఇంత కిందికి లాగి ఉంటాయి అంది. కషాయం ఆపేసి, మాత్ర సంగతి డాక్టరునే అడుగుదామని, కాస్త తేరుకున్నాక నాన్నను వెంటబెట్టుకుని బయల్దేరింది. కోటుకు ఒక చెయ్యి లేదన్న సంగతే మరిచిపోయింది. నాన్నను సాధిస్తూ అమ్మ కూడా వెళ్లింది.

నాయనమ్మ మైకు వైపు తిరిగింది.

"మాత్రలు మానేశానన్నాడే నాతో."

"నీకు తెలీదని నాకు తెలుసు నాయనమ్మా."

"అదేనే నా బాధ. అమ్మకు చెప్పొద్దన్నాను గానీ, నాకు చెప్పొద్దన్నానా? మాత్ర మింగుతున్నాడని ఒక్క ముక్క చెవిన వేస్తే ఆ గిన్నె పొయ్యి మీద పెట్టేదాన్నా?"

మైకు వెనక గదిలోకి వెళ్లబోయింది. నాయనమ్మ ఆమె మొహం మీదే తలుపు మూసి గడియ పెట్టేసుకుంది.