పై అరలోని తెల్లచీటీ

నేను ఒక ఎలుకల పెట్టెను. అద్దంలా అవతలివైపు కనిపించే గట్టి ప్లాస్టిక్ ఒళ్లు, నెత్తిన ఉక్కు కమ్మీల మూత, ఆ మూతలోనే తిండికి ఒక గుంట, నీళ్ల సీసాకు ఒక చోటు. అచ్చులోంచి నన్ను వేడివేడిగా బయటికి తీసినవాడు, ఇందులో రంగు చేపల్ని పెంచుకుంటే ఎంత బావుంటుందో అన్నాడు. నేనూ చేపల కోసమే ఎదురుచూశాను. తీరా చూస్తే మేడ్చల్ దాటాక ఉన్న ఒక ప్రయోగశాలలో, పచ్చగన్నేరు చెట్ల వెనక, కిటికీల్లేని గదిలో తేలాను.

పంటల మీద కొట్టే మందుల్ని ఆ గదిలో ముందు ఎలుకలకు పట్టించి చూస్తారు. నాలుగు అరల ఇనుప స్టాండు. అట్టడుగు అరలో ఎర్రచీటీ పెట్టెలు, వాటిలోని ఎలుకలకు మందు బాగా ఎక్కువ. ఆ పైన పసుపుచీటీలు, ఆ పైన పచ్చచీటీలు, మందు తగ్గుతూ వస్తుంది. అన్నిటికన్నా పైన, ట్యూబులైట్లకు దగ్గరగా, మేము. మాది తెల్లచీటీ. మా ఎలుకల్ని కంట్రోలు ఎలుకలు అంటారు. వాటికీ అదే తిండి, అదే ఊక, గొంతులోకి అదే గొట్టం. గొట్టంలో మందు మాత్రం ఉండదు, ఉత్త నూనె. మందు తిన్నవాటికి ఏమయిందో తెలియాలంటే తిననివి ఎలా ఉంటాయో తెలియాలట. పరీక్ష అయ్యాక తిన్నవాటినీ తిననివాటినీ ఒకేలా చంపి, కోసి చూస్తారు. ఏ పాపం ఎరగనందుకు వాటికి దక్కిన మర్యాద అది. మనుషుల పద్ధతులు నాకు మొదట్నుంచీ అంతుపట్టలేదు.

పై అర దొరికినందుకు మాత్రం నాకు గర్వంగా ఉండేది. అంత వెలుతురు ఇంకెవరికీ లేదు. నాలోకి వచ్చిన ప్రతి ఎలుకా పగలంతా ఊక తవ్వుకుని అందులో తల దూర్చి పడుకునేది. సిగ్గు కాబోలు అనుకునేదాన్ని.

ఎలుకల్ని చూసుకునేది నర్సిములు. పరీక్ష నడిపించి చివర సంతకం చేసేది హైమవతి మేడం. ఇంట్లో వంకాయ కోస్తుంటే పురుగు కనబడినా పక్కకు తీసి వదిలేసే మనిషి, ఇక్కడ ఎలుకల్ని చంపించే పనిలో చేరింది. పరీక్ష ముగిసిన రోజున ఆవిడ టిఫిను డబ్బా తెరిచేది కాదని నర్సిములు ఎవరితోనో అంటుంటే విన్నాను.

మిరప తోటలకు కొత్త పురుగుల మందు ఒకటి పరీక్షకు వచ్చింది. హైమ మేడం పెద్దసారు చక్రపాణిగారిని మా గదిలోనే నిలబెట్టి ఒప్పించింది. ఇన్నేళ్లుగా అదే జాతి ఎలుకలు, అదే తిండి, అదే గది, మందు తిననివి ఎలా ఉంటాయో మనకు తెలియనిదా, ఈసారికి కొత్తవాటిని చంపకుండా పాత కంట్రోలు ఎలుకల లెక్కలతోనే పోల్చుదాం అంది. ఆయన సరేనన్నాడు.

అలా నేను ఖాళీ అయ్యాను. నర్సిములు మాత్రం అలవాటు కొద్దీ నన్ను పై అరలోనే ఉంచి, తెల్లచీటీ కూడా తగిలించాడు. నాలో ఎలుక లేదు. అయినా నా ఎలుకలు పరీక్షలో ఉన్నాయట. ఎప్పుడో చచ్చిపోయినవాటిని మళ్లీ డ్యూటీకి పిలిచారు. ఉన్నట్టా, లేనట్టా? నాకు తల తిరిగిపోయింది.

పరీక్ష ముగిసేసరికి ఎర్రచీటీ ఎలుకల్లో కొన్నిటికి కంటి లోపలి పొర అరిగిపోయి ఉంది. హైమ మేడం కంగారుపడింది. పాత లెక్కలు తీస్తే మందు తినని మా ఎలుకల్లోనూ దాదాపు అన్నిటికి అలాగే ఉంది. అయితే ఇది ఈ జాతికి మామూలే, మందు తప్పేం లేదు, కళ్లకు ప్రమాదం లేదని రాసి సంతకం పెట్టెయ్యమన్నాడు చక్రపాణిగారు. ఆ సంతకం పడితే మిరప చేలల్లో జనం వీపున డబ్బా తగిలించుకుని, కళ్లకు ఏ అడ్డూ లేకుండా దాన్ని కొడతారు.

సంతకం పెట్టే ముందు ఆవిడ మా గదికి వచ్చింది. చావు తప్పించిన ఎలుకల గుర్తుగా ఒక తెల్లచీటీని తన బల్ల మీద పెట్టుకోవాలని ఆశ. స్టూలెక్కి నా వైపు చెయ్యి చాపింది. ట్యూబులైటు సూటిగా మొహాన కొట్టింది. కళ్లు చికిలించి, అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నా నుదురంతా పసుపు పచ్చబడి ఉంది. దిగి, నాతోపాటే అచ్చులోంచి వచ్చిన ఎర్రచీటీ పెట్టెను బయటికి లాగింది. అది ఇంకా కొత్త అద్దంలా మెరుస్తోంది. వయసు మీదపడి పసుపెక్కాననుకున్నాను. మరి దానికి వయసు రాలేదా?

"నర్సిములూ, కంట్రోలు ఎలుకలు ఎప్పుడూ పైనేనా?"

"ఎప్పుడూ పైనే మేడం. కింద పెడితే మందు తిన్నవాటి పొట్టు వీటి మీద రాల్తదని పెద్దసారు మొదట్నుంచి గట్లనే పెట్టిస్తుండు."

మడి గిన్నెల్ని ఎవరూ ముట్టకుండా ఇంట్లో అత్తగారు పై అటక మీద పెడుతుందే, అలాగే పెట్టారన్నమాట అని తనలో తనే గొణుక్కుంది మేడం.

చక్రపాణిగారిని అక్కడికే పిలిపించింది. ఆయన నవ్వాడు. "ఏమ్మా హైమా, ఎలుకలకి కళ్లజోళ్లు పెట్టిస్తావా ఇప్పుడు?"

"పాత ఎలుకల కళ్లని ఈ లైటు తినేసింది సార్. ఎర్రచీటీవి అట్టడుగున, నీడలో ఉన్నాయి. వాటి కళ్లని ఏం తిన్నట్టు?"

ఆయన నవ్వు ఆగింది. మమ్మల్ని పైన పెట్టించింది తనే. కంట్రోలు ఎలుకలు వద్దన్నది నువ్వే కదా, మళ్లీ చేస్తే మళ్లీ అన్నిటినీ చంపాలి, తెలుసా అన్నాడు చివరికి.

"తెలుసు సార్," అంది. సంతకం మాత్రం పెట్టలేదు.

ఇప్పుడు చీటీలన్నీ కలగలిపారు. ప్రతి అరలోనూ అన్ని రంగులూ ఉన్నాయి, లైట్లకు కింద పల్చటి అట్టలు కట్టారు. నన్ను మూడో అరలోకి దించారు. హోదా పోయిందని బాధపడాలో లేదో తెలియడం లేదు. నిన్న నాలోకి కొత్త ఎలుక వచ్చింది. దాన్ని వదిలిన హైమ మేడం మూత వేసి, కాసేపు వేళ్లు కమ్మీల మీదే ఉంచి నిలబడింది. ఈ రోజు ఆవిడ టిఫిను డబ్బా తెరిచిందో లేదో.

ఈ ఎలుక ఊకలో తల దూర్చదు. పగలంతా గోడకు ముక్కు ఆనించి, కళ్లు విప్పి బయటికి చూస్తూ కూర్చుంటుంది. అయితే మునుపటివాటిది సిగ్గు కాదా?