భుజం దగ్గర ఆరు మిల్లీమీటర్లు

రూబీని సమాధి చేసిన నాలుగో రోజున దయాసాగర్ ఎప్పటిలాగే ఉదయగిరి బస్టాండుకు వెళ్లి ఆత్మకూరు బస్సెక్కాడు. కాలేజీలో ఎన్‌సీసీ పిల్లల చేత డ్రిల్ చేయించాడు. మధ్యాహ్నం క్యారియర్ విప్పి అన్నం తిన్నాడు. చూసినవాళ్లు గుండె నిబ్బరం గల మనిషి అనుకున్నారు. అతనికి మాత్రం అది నిబ్బరమని అనిపించలేదు. అసలు ఏమీ అనిపించలేదు.

అది తొంభై అయిదు అక్టోబరు. రూబీకి పద్దెనిమిదేళ్లు. మెదడువాపు జ్వరం వచ్చి ఆరు రోజుల్లో పోయింది. ఒక్కతే కూతురు. తల్లి లిదియమ్మ నెల రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత లేచి, మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంది. ఇంట్లో ఇద్దరూ పోట్లాడుకోలేదు, ఓదార్చుకోలేదు. ఉప్పు చాలిందా, నీళ్లు వచ్చినాయా, ఇలాంటి మాటలతో రోజులు గడిచాయి.

దయాసాగర్ సైన్యంలో పదిహేడేళ్లు తుపాకులు విప్పి బాగుచేసే పని చేసి వచ్చాడు. ఆత్మకూరు బయట, రాళ్లు కొట్టి వదిలేసిన ఒక గుంతలో, మాజీ సైనికులు కొందరు కలిసి చిన్న రైఫిల్ క్లబ్బు పెట్టుకున్నారు. రిటైరైన సుబేదారు జనార్దనయ్య దానికి పెద్ద. పాయింట్ టూటూ అనే చిన్న గుండు రైఫిళ్లు అయిదు ఉండేవి. ఆదివారం ఉదయాలు కాలేజీ పిల్లలకు అక్కడ గురి నేర్పేవారు. రూబీ అక్కడే నేర్చుకుంది. ఆమెతోపాటు నేర్చుకున్నది మర్రిపాడు పిల్ల రజిని. వాళ్ల నాయన నారాయణయ్యకు గొర్రెల మంద ఉంది. రజిని వారమంతా ఆత్మకూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది.

పోటీల నియమాల పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాసింది దయాసాగరే. పాల్గొనేవాళ్లు రెండు తరగతులు. ఓపెన్ తరగతిలో ఎవరి సొంత రైఫిల్ వాళ్లు తెచ్చుకోవచ్చు. బరువైన గొట్టం, కంటి దగ్గర చిన్న రంధ్రం ఉన్న గురిబిళ్ల, మందపాటి కోటు, చేతి తొడుగు, ఏవైనా సరే. నెల్లూరు నుంచి వచ్చే డబ్బున్న కుర్రాళ్లు అందులో కొట్టేవాళ్లు. సర్వీసు తరగతిలో క్లబ్బు ఇచ్చిన రైఫిల్‌నే, ఇచ్చింది ఇచ్చినట్టు వాడాలి. ట్రిగ్గరు కేజిన్నర బరువును మోయాలి. కోటు వేసుకోవచ్చు గాని ఎక్కడ కొలిచినా రెండున్నర మిల్లీమీటర్లు దాటకూడదు. భుజం దగ్గర, మోచేతుల దగ్గర తోలు ముక్క వేసుకుంటే అక్కడ మాత్రం నాలుగు దాకా ఒప్పుకుంటారు. కోటు మందంగా ఉంటే అదే చేతికి దన్ను, రైఫిల్ కదలదు. అందుకే ఆ కొలత. కొలత దాటితే మనిషిని పోటీ నుంచి తీసెయ్యరు. ఆ మార్కులతోనే ఓపెన్ తరగతిలోకి మారుస్తారు.

రూబీ కోటును లిదియమ్మ కుట్టింది. పాత గుడారపు గుడ్డ, ఒకే పొర, భుజం మీద తోలు ముక్క. కుట్టినప్పుడు దయాసాగర్ కొలిచి చూశాడు. అన్నీ లోపలే ఉన్నాయి.

రూబీ పోయాక రజిని క్లబ్బుకు రావడం మానేసింది. జనవరిలో జనార్దనయ్య కబురు పెట్టాడు. ఫిబ్రవరిలో పోటీ ఉంది, ప్రతి తరగతిలో మొదట వచ్చినవాళ్లను హైదరాబాదుకు పంపుతారు, రమ్మన్నాడు. రజిని ఒక శనివారం ఉదయగిరి వచ్చింది. గడపలోనే నిలబడిపోయింది.

"లోపలికి రామే. ఆడ నిలబడతావేంది?" అంది లిదియమ్మ.

ఆమె ట్రంకుపెట్టె తెరిచి కోటు తీసి రజిని భుజాల మీద వేసి చూసింది. రూబీ కంటే రజిని సన్నం. "వదులుగా ఉండాది. సరిచేసి పంపిస్తాను" అంది. దయాసాగర్ వసారాలో కూర్చుని స్టవ్ పిన్ను మారుస్తున్నాడు. మాటలు వినపడ్డాయి. తల తిప్పలేదు.

పోటీ రోజు ఉదయం రైఫిళ్లన్నీ అతనే చూశాడు. ఇరవై ఆరు మంది వచ్చారు. కోట్లు ముందే కొలవడానికి సమయం చాలదు కాబట్టి, సర్వీసు తరగతిలో మొదటి ముగ్గురివి పోటీ అయ్యాక కొలవాలన్నది నియమం. ఆ సంగతి పొద్దున అందరికీ చదివి వినిపించారు.

రజిని వంతు రెండో వరుసలో వచ్చింది. పడుకుని పది గుండ్లు, మోకాలి మీద పది, నిలబడి పది. ఒక్కో పదికి ఆరు నిమిషాలు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తెరిచి, గొట్టం గుంత గోడ వైపే పట్టుకుని నడవాలి. రజిని తొందరపడలేదు. నిలబడి కొట్టేటప్పుడు ఒకసారి గురి కుదరక రైఫిల్ దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తింది. రూబీకి ఆ ఓపిక ఉండేది కాదు. దయాసాగర్‌కు ఆ ఆలోచన వచ్చి పోయింది. దాని వెనక ఏదైనా వస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూశాడు. రాలేదు.

మూడు వందలకు రజినికి రెండు వందల అరవై రెండు వచ్చాయి. కలువాయి నుంచి వచ్చిన హోంగార్డు చెంచయ్యకు రెండు వందల యాభై ఏడు. మూడో మనిషి చాలా వెనక ఉన్నాడు. క్లబ్బు పిల్లలు రజిని చుట్టూ చేరారు. ఆమె నవ్వుతూనే, కోటు బొత్తాలు విప్పుకుంటూ షామియానా కింద కొలతలు తీసే బల్ల దగ్గరికి వచ్చింది.

దయాసాగర్ రైఫిల్‌ను నిలువుగా పట్టుకుని ట్రిగ్గరుకు కేజిన్నర తూకం తగిలించి మెల్లగా పైకెత్తాడు. తూకం లేచింది, ట్రిగ్గరు కదలలేదు. మూడుసార్లు అంతే. కాగితం మీద టిక్కు పెట్టి కోటు అందుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత ఆ గుడ్డ చేతికి తగలడం అదే మొదలు. వెన్ను దగ్గర రెండు, చేతుల దగ్గర రెండు, మోచేతుల దగ్గర మూడున్నర. కుడి భుజం దగ్గరికి వచ్చేసరికి వేళ్ల కింద ఏదో మెత్తగా ఉంది. తోలుకూ గుడ్డకూ మధ్య ఏదో పెట్టి, చుట్టూ చిన్న చిన్న కుట్లు వేసి ఉన్నాయి. అంత సన్నటి కుట్లు ఎవరివో అతనికి తెలుసు. అంచు దగ్గర ఒక దారం బయటికి వచ్చి ఉంది. ఎర్ర ఉన్ని. రూబీ చలికాలం బస్సులో తలకు కట్టుకునే స్కార్ఫు.

కొలిచాడు. ఆరు మిల్లీమీటర్లు.

జనార్దనయ్య అవతల ఓపెన్ తరగతి మార్కులు కూడుతున్నాడు. చెంచయ్య మంచినీళ్లు తాగుతున్నాడు. ఎవరూ ఇటు చూడటం లేదు. నాలుగు అని రాసి కోటు మడిచి ఇచ్చేస్తే అయిపోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. నియమం ప్రకారం రెండోసారి కొలిచాడు, మూడోసారి కొలిచాడు. ఆరు అని రాశాడు.

"భుజం దగ్గర ఎక్కువ ఉండాదమ్మా" అన్నాడు.

రజినికి అర్థం కావడానికి కాస్త పట్టింది. "అది ఆంటీ కుట్టింది సార్."

"తెలుసు."

"నేను చూసుకోలేదు సార్. వేసుకుంటే హాయిగా ఉండాది, అంతే. కావాలని చెయ్యలేదు."

"అదీ తెలుసు. ఓపెన్‌లోకి మారుస్తాను. ఈడ సంతకం పెట్టు."

రజిని కాగితం వైపు చూసింది, అతని ముఖం వైపు చూసింది. అక్కడ కోపం గాని బాధ గాని ఉంటే ఆ పిల్ల ఏదో ఒకటి అడిగేదేమో. ఏమీ కనపడక సంతకం పెట్టేసింది.

జనార్దనయ్య కాగితం చదివి లేచి వచ్చాడు. కోటు పట్టుకుని చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఏమయ్యా దయాసాగర్, నీ కొలిచే పరికరం పాతది గదా. ఇంకోసారి చూడరాదా?"

"మూడుసార్లు చూసినాను సార్."

"ఇది మన రూబీది గదయ్యా."

"అవును సార్."

జనార్దనయ్య కోటు రజిని చేతికిచ్చి వెళ్లిపోయాడు. పేర్లు పిలిచేటప్పుడు సర్వీసు తరగతిలో చెంచయ్య మొదటివాడయ్యాడు. ఓపెన్‌లో తొమ్మిది మంది ఉంటే రజిని ఏడోది. చెంచయ్య కప్పు తీసుకుని రజిని దగ్గరికి వచ్చి, "నాకంటే నువ్వే బాగా కొట్టినావు పాపా" అన్నాడు. ఆమె తలూపింది. కోటును మడిచి బల్ల మీద పెట్టి, మర్రిపాడు బస్సుకు వెళ్లిపోయింది.

దయాసాగర్ కోటు సంచిలో పెట్టుకుని ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. లిదియమ్మ మిషను ఆపింది.

"ఎట్టా కొట్టింది రజిని?"

"బాగా కొట్టింది. అందరికంటే ఎక్కువే వచ్చినాయి. కోటు కొలతకు ఎక్కువుంటే ఓపెన్‌లోకి మార్చినాను. ఏడోది వచ్చింది."

లిదియమ్మ సంచిలోంచి కోటు తీసి ఒళ్లో పెట్టుకుంది. భుజం కుట్ల మీద బొటనవేలు రుద్దింది.

"ఆ పిల్ల భుజం చూసినావా? ఎముక పైకి ఉండాది" అంది. "ఎన్‌సీసీ క్యాంపు నుంచి వచ్చినప్పుడు రూబీకి భుజమంతా నల్లగా కమిలి ఉండేది. వారం దాకా ఆ పక్క పడుకోలేకపోయేది. ఈ పిల్లకైనా దెబ్బ తగలకూడదని పెట్టినాను."

"అది క్యాంపులో పెద్ద రైఫిలు, త్రీనాట్‌త్రీ. దాని తన్ను వేరు. పాయింట్ టూటూ అసలు తన్నదు లిదియా."

"నాకేం తెలుసు? తుపాకులు నీ పని గదా." ఆమె గొంతు పెంచలేదు. "వారం రోజులు ఈ కోటు ఈ మిషను మీదే ఉండాది. నువ్వు దీని పక్క నుంచే తిరిగినావు. ఒక్కసారి చేత్తో పట్టుకోనుంటే ఆ రోజే చెప్పుండేవాడివి. దీని వంక చూడకుండా తిరిగినావు, నా వంక చూడకుండా తిరిగినావు."

దయాసాగర్ ఆలోచించాడు. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

"అవును. అది నేను చేసిన తప్పే" అన్నాడు.

లిదియమ్మ అతని వైపు చూసింది. ఎదురు మాట వస్తుందనుకుని సిద్ధంగా ఉన్నట్టుంది. రాకపోయేసరికి లేచి అన్నం పెట్టింది.

వచ్చే ఆదివారం చర్చి అయ్యాక మర్రిపాడు పోదామని లిదియమ్మే అంది. ఇద్దరూ వెళ్లారు. రజిని దొడ్లో గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. నారాయణయ్య మంచం వాల్చి కూర్చోమన్నాడు. జరిగినదంతా కూతురు చెప్పినట్టుంది, మాటలు కాస్త పొడిగా ఉన్నాయి.

"తప్పు నాదిమే" అంది లిదియమ్మ రజినితో. "దాంట్లో ఏం పెట్టకూడదో నాకు తెలవదు."

రజిని కోటు చేతిలోకి తీసుకుని భుజం దగ్గర తడిమింది. "విప్పొద్దు ఆంటీ. నేను ఓపెన్‌లోనే కొడతాను. అందులో ఇది వేసుకోవచ్చు గదా సార్?"

"వేసుకోవచ్చు" అన్నాడు దయాసాగర్. "కానీ ఆ రైఫిళ్లు నీకు యాడ నుంచి వస్తాయి? వాళ్లు రంధ్రంలోంచి చూసి కొడతారు. నువ్వు గొట్టం చివర ముల్లు చూసి కొడతావు. ఎంత బాగా కొట్టినా అయిదో స్థానం దాటి పైకి రావు. ఏప్రిల్లో నెల్లూరులో పోటీ ఉండాది. సర్వీసులో మొదటి ఇద్దరిని హైదరాబాదుకు తీసుకుంటారు. అందులోకి రా."

అది ఓదార్పు మాట కాదు. కానీ ఆ నాలుగు నెలల్లో అతను ఎవరితోనైనా అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. రజిని కాసేపు చూసి కోటు లిదియమ్మకు ఇచ్చేసింది. లిదియమ్మ చేతిసంచిలోంచి బ్లేడు తీసి మంచం మీదే కూర్చుని కుట్లు ఒక్కొక్కటే తెంపింది. స్కార్ఫు నాలుగు మడతలతో బయటికి వచ్చింది. దాన్ని దులిపి, మడిచి, తన ఒళ్లో పెట్టుకుంది.

నారాయణయ్య అప్పటిదాకా చుట్ట కాలుస్తూ చూస్తున్నాడు. "ఒక మాట అడగతాను సార్. ఆ రోజు మీరు నాలుగని రాసుంటే ఎవురికన్నా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు రాయలేదు?"

"అక్కడ ఆరు ఉండాది" అన్నాడు దయాసాగర్.

నారాయణయ్య లేచి లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చాడు.

ఏప్రిల్లో నెల్లూరు పోటీకి లిదియమ్మ కూడా వచ్చింది. ఎండకు కళ్లు చిట్లించుకుంటూ తాడు అవతల నిలబడి ముప్పై గుండ్లూ లెక్కపెట్టింది. రజినికి రెండు వందల యాభై తొమ్మిది వచ్చాయి. సర్వీసు తరగతిలో రెండో స్థానం. ఆ రోజు కోటు కొలిచినవాళ్లు వేరే. దయాసాగర్ దూరంగా నిలబడ్డాడు. కాగితం మీద సంతకాలు అయ్యాక రజిని పరుగెత్తుకుంటూ వచ్చి లిదియమ్మను పట్టుకుంది. లిదియమ్మ అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. దయాసాగర్ ఆమె పక్కనే నిలబడి సంచి పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో రజిని కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. కండక్టరు టిక్కెట్లు కొట్టి వెళ్లాక, లిదియమ్మ ముందు సీటు కమ్మీ వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"రూబీ అయిదో క్లాసులో ఉన్నప్పుడు నా కత్తెర ఎత్తుకోనిపోయి బళ్లో పిల్లలకు జుట్టు కత్తిరించింది. నువ్వు అప్పుడు జమ్మూలో ఉండావు. నీకు జాబులో రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"నువ్వు కోప్పడతావని అది ఏడ్చింది. ఏడుగురి తల్లులు ఇంటి ముందుకు వచ్చినారు. ఇది పోయి కోళ్ల గూట్లో దాక్కుంది."

దయాసాగర్ ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ తర్వాత?" అని అడిగాడు.