లాప్‌టాప్‌కి పట్టు తొడుగు

సుబ్బులుగారింట్లో తొడుగు లేని వస్తువంటూ లేదు. చిక్కడపల్లిలో కాపురం పెట్టిన నాటినుంచీ ఆవిడ మిక్సీకి, ఫ్రిజ్‌కి, ఆఖరికి గ్యాస్ సిలిండర్‌కి కూడా కుచ్చుల గౌను కుట్టింది. అలాంటి మనిషి, మనవరాలు మహిత మొదటి జీతంతో గేములాడుకునే లాప్‌టాప్ కొనుక్కొస్తే చూస్తూ ఊరుకుంటుందా? సూదిలో దారం ఎప్పట్లా మహిత చేతే ఎక్కించుకుని, తన ఉప్పాడ పట్టుచీర కోసి, లోపల దూది పరిచి తొడుగు కుట్టింది. మూత తెరుచుకుంటుంది, మీటలు కనిపిస్తాయి. అడుగూ పక్కలూ మాత్రం గుండీలు పెట్టి బిగించేసింది. కిందపడ్డా దెబ్బ తగలకూడదు మరి!

ఆ తర్వాతే తంటా మొదలైంది. మామూలు పనులకి బుద్ధిగానే ఉండే లాప్‌టాప్, ఆట రంజుగా సాగుతుండగా మొరాయించేది. స్క్రీన్ మినుకుమినుకుమని, ఆ పైన బొమ్మ బిగుసుకుపోయేది. ఆన్‌లైన్ పోటీల్లో మహిత ఆడే జట్టుకి కెప్టెన్, అశోక్ నగర్ హాస్టల్లో ఉండే ఫణీంద్ర కేకలు హెడ్‌ఫోన్ దాటి సుబ్బులు చెవినా పడేవి.

"మల్ల ఆగిపోయినవా మహితా? ఆదివారం ఫైనల్. అప్పటిదాంక బాగు కాకుంటే నీ జాగల నిహారికను దింపుతం!"

ఆ పూట పిల్ల అన్నం కెలికి వదిలేసింది. సుబ్బులు లాప్‌టాప్‌కి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఇరుగుపొరుగుల్లో ఎవరి కళ్లు పడ్డాయో అని అందర్నీ అనుమానించింది కూడా.

నారాయణగూడలో అఖిల్ రిపేరు షాపుకి ఇద్దరూ వెళ్లారు. పట్టుకి మరకలంటుతాయని సుబ్బులు తొడుగు విప్పి సంచిలో పెట్టుకుంది. అఖిల్ ఫ్యాన్‌లో దుమ్ము దులిపి, సాఫ్ట్‌వేర్ సరిచేసి, ఆట పెట్టి చూశాడు. స్క్రీన్ రెప్ప కూడా కొట్టలేదు. ఇంటికొచ్చి తొడుగు వేశారు, ఆట మొదలెట్టారు, మళ్లీ అదే కథ.

శనివారం మళ్లీ షాపు. అక్కడ మళ్లీ బాగానే ఉంది. అఖిల్ తల గోక్కున్నాడు. సుబ్బులు సంచిలోంచి తొడుగు తీసి గుండీలు పెట్టబోతే ఆపాడు.

"ఏందమ్మా అది? ఇంట్ల ఇది ఏసే ఆడతదా?"

"మరి? దుమ్ము పట్టదూ?"

అతను తొడుగుతోనే ఆట పెట్టాడు. కాసేపటికి స్క్రీన్ మినుకుమంది, బొమ్మ ఆగిపోయింది. అడుగున చెయ్యి పెట్టి చూసి అఖిల్ ఏదో చెప్పబోయాడు. మహిత కళ్లతోనే వద్దంది.

"ఆ... ఓల్టేజీ ప్రాబ్లం అయ్యుంటది లేమ్మా," అని నీళ్లు నమిలాడు.

లాప్‌టాప్ అందుకున్న సుబ్బులు చేతికి పట్టు చురుక్కుమని తగిలింది, పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెలా. ఆ కనుసైగా అర్థమైంది, ఆ సెగా అర్థమైంది. గాలి పోయే సందులన్నీ తనే మూసేసింది.

ఆదివారం మధ్యాహ్నం. మహిత తొడుగు తియ్యకుండానే ఆటకి కూర్చుంది. సుబ్బులు కత్తెర పట్టుకొచ్చింది.

"అమ్మమ్మా! అది నీ పట్టుచీరే!"

"చీరా నాదే, తప్పూ నాదే. నిన్న నువ్వు కళ్లతో చెప్పింది నేను చూడలేదనుకున్నావా? ఓడిపోతానని తెలిసీ ఎందుకే ఇలా కూర్చున్నావు?"

మహిత తల దించుకుంది. "ఎంత ఇష్టంగా కుట్టావు అమ్మమ్మా. ఆట మళ్లీ వస్తుంది."

సుబ్బులు కత్తెర పక్కన పెట్టింది. ఈ పిల్లంటే తనకెంత ప్రాణమో ఊరంతా చెప్పుకుంది గానీ, తనంటే ఈ పిల్లకెంత ప్రాణమో ఇన్నాళ్లూ ఆగి చూసుకోనేలేదు. గబగబా గుండీలు విప్పి తొడుగు లాగేసింది.

"నువ్వు ఆడు. దీనికి కిటికీలు నేను పెడతా."

ఆట మొదలైంది. సుబ్బులు పక్కనే కూర్చుని అడుగున, పక్కల పట్టు కత్తిరించింది. చిరగకుండా అంచులు కుట్టాలి. ఆట చెడుతుందని పిల్లని పిలవకుండా, సూదిలో దారం తనే ఎక్కించబోయింది. దారం అటు పోయింది, ఇటు పోయింది, కంట్లో నీళ్లొకటి అడ్డం.

ఒక రౌండు ముగిసి, కాస్త విరామం వచ్చింది. స్క్రీన్ నిలకడగా వెలుగుతూనే ఉంది. మహిత చెయ్యి చాచి సూది లాక్కుని, దారం ఎక్కించి, ముడేసి మళ్లీ ఆవిడ చేతిలో పెట్టింది.

"ఎవరు గెలుస్తున్నారే?" అంది సుబ్బులు.

"మనమే," అంది మహిత.