వడ్లు వినని చోటు

నేను ఒక కత్తిని. కత్తి అనగానే మీరు ఏవేవో ఊహించుకుంటారు కాబట్టి ముందే చెప్పేస్తాను. మూడు వేళ్ల వెడల్పు ఇనుపరేకు, దాన్ని బిగించిన చిన్న చెక్క, చెక్కకు అడ్డంగా ఒక వెదురుపుల్ల. అంతా కలిపి అరచేతిలో ఇమిడిపోతాను. నాతో కూర తరగలేరు, ఎవరినీ బెదిరించలేరు. నేను చేయగలిగిన పని ఒక్కటే, వరివెన్నులను ఒక్కొక్కటిగా కోయడం. ఎకరం పొలాన్ని ఒక్కొక్క వెన్నుగా కోస్తే ఎన్నాళ్లు పడుతుందని మీరు అడగవచ్చు. మా ఊళ్లో ఎవరూ అడగలేదు.

మా ఊరు చిరావయ్. ఇండోనేషియాలో, జావా దీవికి పడమటి వైపు కొండల్లో ఉంది. పటంలో వెతికే శ్రమ పడకండి. అరవై ఇళ్లు, మెట్లు మెట్లుగా దిగే మళ్లు, ఊరి అంచున కాళ్ల మీద నిలబెట్టిన గాదెలు, అంతకుమించి చూడటానికి ఏమీ లేదు. అక్కడ వరి ఏడాదికి ఒక్కసారే పండిస్తారు. పండించినది అమ్మరు. ఏ ఇంటి విత్తనం ఆ ఇంటిదే, తల్లి నుంచి కూతురికి వస్తుంది. నన్ను ఆ ఊరివాళ్లు ఎతెం అంటారు.

వాళ్ల లెక్క ప్రకారం వరి ఒక ఆడమనిషి. వడ్లతల్లి. ఆమెకు భయమెక్కువ. కొడవలి తళుక్కుమంటే బెదిరి ఊరు విడిచిపోతుందట, మరుసటి ఏడు గింజకట్టక అంతా తాలు మిగులుతుందట. అందుకని నన్ను వేళ్ల మధ్య దాచిపెట్టుకుని, ఏమీ ఎరగనట్టు వెన్ను దగ్గరికి చెయ్యి పోనిస్తారు. కోయడం మాత్రం మానరు. ఆమెకు తెలియకుండా కోస్తారు, అంతే తేడా. మనుషుల మర్యాదలు చాలావరకు ఇలాంటివేనని నాకు తర్వాత తెలిసింది.

ఒకసారి వ్యవసాయశాఖ నుంచి ఒకాయన వచ్చి ఊరందరికీ కొత్త కొడవళ్లు పంచాడు. ఒక్క కొడవలి ఇరవైమంది పని చేస్తుందని గంటసేపు చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు, కొడవళ్లు రెండు చేతులా అందుకున్నారు, ఆయనకు కడుపునిండా భోజనం పెట్టి పంపారు. మర్నాటి నుంచి వాటితో మేకలకు గడ్డి కోసుకున్నారు.

నేను పుట్టింది అబా విర్జా కొలిమిలో. అబా అంటే అక్కడ పెద్దాయన అని. కలప కోతలో విరిగిపోయిన రంపం ముక్క ఒకటి ఆయన దగ్గర ఉండేది, దానిలోంచి నన్ను తీశాడు. చేయించుకున్నది ఓనెంగ్ అనే ఆవిడ, కూతురు రుమ్సి కోసం. ఓనెంగ్ భర్త ఆ పిల్ల పాకుతున్నప్పుడే పోయాడు. ఆ ఇంట్లో మనుషులంటే వాళ్లిద్దరే. పిల్లకు పదహారేళ్లొచ్చాయి, కోతకు దిగే వయసు. చిక్కల్లా ఆమెది పుర్రచెయ్యి కావడం.

"ఎడమచేతికా?" అన్నాడు అబా విర్జా. "ఇన్నేళ్లలో అట్టాంటిది ఒక్కటి కూడా చెయ్యలా. పిల్లకి కుడిచెయ్యి అలవాటు చెయ్యలేకపోయావా ఓనెంగ్?"

"చేశా అబా. అన్నం కుడిచేత్తోనే తింటది. ఎవరికేమిచ్చినా కుడిచేత్తోనే ఇస్తది. కోతకొచ్చేసరికి ఆ చెయ్యి మాట వినట్లేదు."

"వడ్లతల్లి ఏమనుకుంటదో మరి."

"దాచిపెట్టిన చెయ్యి కుడిదో ఎడమదో ఆమెకెట్టా తెలుస్తది?"

ముసలాయన నవ్వి, నా పదును అటుది ఇటు మార్చి సానబట్టాడు. ఊరిమొత్తం మీద ఎడమచేతి ఎతెం నేనొక్కదాన్నే.

రుమ్సి చేతిలో మూడు కోతలు చూశాను. ఆ పిల్ల చెయ్యి వెచ్చగా ఉండేది, ఊరికే చెమట పట్టేది. పొలంలో పెద్దగా మాట్లాడకూడదు కనుక వెన్ను కోసినప్పుడల్లా ఏదో గొణుక్కునేది. ఒకసారి విన్నాను, "ఇదుగో అయిపోయింది, నొప్పిలేదుగా" అంటోంది. మొదట్లో నాకు నవ్వొచ్చింది. తర్వాత అలవాటైపోయి, ఆ మాట వినపడకపోతే ఆ వెన్ను సరిగ్గా తెగలేదేమో అనిపించేది. కోసిన వెన్నులను గుప్పెళ్లుగా చేర్చి వెదురునారతో కట్టలు కట్టేవాళ్లు. అందరి ముడీ కుడివైపు తిరిగితే రుమ్సి ముడి ఎడమవైపు తిరిగేది. గాదె చీకట్లో చేత్తో తడిమినా ఇది రుమ్సి కట్టిందని తెలిసిపోయేది.

నాలుగో ఏడు కోత మొదలైన మూడోరోజు సాయంత్రానికి ఆమెకు జ్వరం వచ్చింది. నన్ను నడుముకు దోపుకునే పడుకుంది. మర్నాడు నలుగురు మోసుకుని కొండ దిగి ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడివాళ్లు చేయగలిగింది చేశారు. ఐదోరోజు మధ్యాహ్నం పోయింది. ఆ సాయంత్రమే, మళ్ల పైన ఉన్న గట్టున, తండ్రి పక్కన మట్టి చేశారు. పందొమ్మిదేళ్ల పిల్ల. రుమ్సి చెయ్యి లేకపోవడం నాకు బాగాలేదు. ఇనుముని నేను, ఇంతకంటే పెద్ద మాట నాకు రాదు.

పొలంలో ముప్పాతిక పంట నిలబడే ఉంది. దాన్ని ఆ ఇంటి ఆడది తప్ప ఇంకొకరు కోయకూడదు. కోయకపోతే ఆ ఇంటి విత్తనం అక్కడితో ఆఖరు. మర్నాడు పొద్దున ఓనెంగ్ తన సొంత ఎతెం చూరులోనే వదిలేసి నన్ను తీసుకుని వెళ్లింది. గట్టు మీద కాలు పెట్టిందో లేదో, రుమ్సి కోసి వదిలిన చోటు కనపడింది. అక్కడిదాకా మోళ్లు, అక్కడి నుంచి వెన్నులు. ఆమె నోరు తెరిచింది.

నినీ అర్సి వెంటనే వచ్చి ఆమె భుజం పట్టుకుంది. నినీ అంటే అవ్వ. ఏ రోజు కోత మొదలుపెట్టాలో, ఏ రోజు గాదె మూయాలో ఊరికి చెప్పే మనిషి ఆమే.

"ఇక్కడొద్దు తల్లీ," అంది చెవిలో. "వడ్లు వింటయ్. బెదిరిపోతయ్. ఊరంతటికీ తాలే మిగులుద్ది. వడ్లు వినని చోట ఏడువు. ఎంతసేపైనా ఏడువు, నేనూ నీతో కూచుంటా."

ఆవిడ కర్కశంగా అన్న మాట కాదది. ఓనెంగ్ తల ఊపింది. తెరిచిన నోరు మూసుకుని మడిలోకి దిగింది.

ఎడమచేతి కత్తిని కుడిచేత్తో వాడితే ఏమవుతుందో ఆ ఇరవై ఆరు రోజులూ చూశాను. ప్రతిరోజూ ఆమె వేలు ఎక్కడో ఒకచోట తెగేది. గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ కోసేది. ఇంటికెళ్లి తన కత్తి తెచ్చుకోవచ్చు కదా అని ఎవరూ అనలేదు. ఆమె చెయ్యి చల్లగా ఉండేది, చెమట పట్టేది కాదు. ఒక వెన్ను, ఇంకో వెన్ను, ఇంకోటి. ఆఖరి మడి కోసేనాటికి ఆమెలో ఏమీ మిగల్లేదు. నొప్పి కూడా లేదు.

కోత అయిపోయింది కదా, ఇక ఏడుస్తుందనుకున్నాను. కాని కట్టలు తెచ్చి ఇంటిముందు దండేల మీద ఆరవేశారు. ఇంటిముందు వడ్లు. నెల గడిచాక వాటిని గాదెలోకి చేర్చారు. గాదెల పక్కగానే దారి. వంటింట్లో దంచడానికి దించిన కట్టలు బుట్టలో ఉంటాయి. వాగు దగ్గరికి వెళితే విత్తనాలు నానబోసి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం కూతురి సమాధి దగ్గరికి వెళ్లి కూర్చుంది. కింద మళ్లల్లో కొత్త పైరు గాలికి గలగలమంటోంది. పైరు చప్పుడు తనకు వినపడుతోందంటే, తన ఏడుపు పైరుకు వినపడదా? కాసేపు కూర్చుని, బట్ట దులుపుకుని లేచి వచ్చింది.

నినీ అర్సి ఉద్దేశం ఆ పూటకే అయివుంటుంది. పొలం దాటి ఇంటికెళ్లి ఏడవమనే అయివుంటుంది. ఇంకెవరైనా అయితే, వెళ్లి అడిగేవారు. ఓనెంగ్ అడగలేదు. మరుసటి ఏడు నినీ అర్సి కూడా పోయింది. అవ్వ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది. చిరావయ్‌లో వడ్లు లేని చోటంటూ లేదు.

అలా పదకొండు కోతలు. ఓనెంగ్ నాటింది, కోసింది, దంచింది, తింది. పెళ్లిళ్లకు వెళ్లింది. అందరూ నవ్వినచోట నవ్వింది. గట్టి మనిషి అని ఊళ్లోవాళ్లు మెచ్చుకునేవాళ్లు. నన్ను ఏడాది పొడుగునా నడుముకే దోపుకునేది కాబట్టి ఆమె ఊపిరి ఎలా ఆడేదో నాకు తెలుసు. ఎప్పుడూ ఒకేలా ఆడేది. గాదెలో అన్నిటికీ వెనకాల ఎడమ ముడులున్న పన్నెండు కట్టలు ఉండేవి. రుమ్సి ఆఖరి మూడురోజుల కోత. వాటి జోలికి వెళ్లేది కాదు. ఆ గాదెల్లో వడ్లు ఎన్నేళ్లైనా ఉంటాయి, తినేవాళ్లు రానంతవరకు.

పన్నెండో ఏడు కింది పట్నం నుంచి దదాన్ గారనే ఆయన వచ్చాడు. అక్కడ కొత్తగా ఒక మ్యూజియం పెట్టారట. గుమ్మం బయటే బూట్లు విప్పి, చాప మీద కూర్చుని, నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అంబూ, ఇలాంటివి ఇప్పుడు చేసేవాళ్లే లేరు," అన్నాడు. అంబూ అంటే అమ్మ. "దీన్ని మాకిస్తే జాగ్రత్తగా పెడతాం. దీనితో కోసిన కట్ట కూడా ఒకటి ఉంటే మరీ బావుంటుంది."

"ఆ కట్టని ఎవరన్నా దంచుకు తింటరా బాబూ?"

"ఎవరూ తినరమ్మా. అద్దాలపెట్టెలో ఉంటుంది. మన మనవళ్ల కాలానికీ అలాగే ఉంటుంది."

ఓనెంగ్‌కు మనవళ్లు లేరు. తను పోయాక గాదె మరిది కొడుకులది, వాళ్లు తింటారు, తినకేం చేస్తారు. ఆమె వెంటనే లేచి గాదెలోకి వెళ్లి, వెనక వరుసలోంచి ఒక కట్ట తీసుకొచ్చి, కుడిచేత్తో ఆయనకిచ్చింది. కట్టతోబాటు నన్నూ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు కూడా ఆమె ఊపిరి మారలేదు.

ఇప్పుడు నేను అద్దాలపెట్టెలో ఉన్నాను. తెల్లగుడ్డ పరిచి, పదును పైకి పెట్టి, నెత్తిన ఒక లైటు వేశారు. పుట్టిన దగ్గర్నుంచి దాక్కోవడం తప్ప ఎరగని దాన్ని కదా, మొదట చాలా సిగ్గేసింది. నాకు జానెడు దూరంలో రుమ్సి కట్ట. మా పైన ఒక బొమ్మ, ఎతెం ఎలా పట్టుకోవాలో చూపిస్తూ. బొమ్మలో ఉన్నది కుడిచెయ్యి. వచ్చేవాళ్లలో బొమ్మ కింద రాసింది చదివేవాళ్లు తక్కువ, మా అద్దంలో చూసుకుని తల దువ్వుకునేవాళ్లు ఎక్కువ.

ఏడాది గడిచాక దదాన్ గారు చిరావయ్ వాళ్లను చూడ్డానికి రమ్మని వ్యాను పంపించాడు. పదిమంది వచ్చారు. అందరూ ఫోటోల దగ్గర ఆగిపోతే, ఓనెంగ్ ఒక్కతే తిన్నగా మా దగ్గరికొచ్చింది. నన్ను చూసింది, కట్టను చూసింది, గబుక్కున అరచెయ్యి అద్దానికి అడ్డం పెట్టింది. సరిగ్గా నాకూ కట్టకూ మధ్యన.

అక్కడ కాపలాకు ఒక అమ్మాయి ఉంటుంది. లేచి వచ్చింది. "అంబూ, అద్దం ముట్టుకోకండి. మరకలు పడతాయి."

"కత్తి కనపడుతుందమ్మా."

"కనపడాలనే కదండీ పెట్టింది."

"వడ్లకి కనపడుతుంది."

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ పిల్లదీ ఏదో పల్లెటూరే అయివుంటుంది. "అవి భయపడవు అంబూ," అంది మెల్లగా. "వాటిలో జీవం లేదు. పురుగు పట్టకుండా వారంరోజులు మందుపొగ పెట్టారు. నాటినా మొలవవు."

"మొలవవా?"

"మొలవవండీ."

ఓనెంగ్ ఆ ఎడమ ముడిని చాలాసేపు చూసింది. "అయితే వినపడదా వాటికి?"

ఆ అమ్మాయికి ప్రశ్న అర్థం కాలేదు. అయినా జవాబు సరిగ్గానే చెప్పింది. "వినపడదు," అంది.

ఓనెంగ్ చుట్టూ చూసింది. గోడలు, లైట్లు, కిటికీ బయట మోటారుసైకిళ్లు. అద్దం మీద చెయ్యి అలాగే జారుతూ కిందికి వచ్చింది, ఆమె నేల మీద కూర్చుంది. మొదట వచ్చిన చప్పుడు ఏడుపులా లేదు, ఏదో బరువైనది ఈడుస్తున్నట్టు ఉంది. ఆ తర్వాత ఏడుపే. పేరుపెట్టి పిలిచింది. పన్నెండేళ్లలో ఆ పేరు గట్టిగా అనగా నేను వినడం అదే. ఊరివాళ్లు పరుగున వచ్చి, సంగతి తెలిసి, దూరంగానే నిలబడ్డారు. కాపలా అమ్మాయి మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి తనూ నేల మీదే కూర్చుంది. వ్యాను హారను మూడుసార్లు మోగింది.

పోయేటప్పుడు ఓనెంగ్ మొహం కడుక్కుని అడిగింది, "రేపు కూడా తెరిచుంటదా ఇది?"

"సోమవారం తప్ప రోజూ ఉంటుంది అంబూ."

గుమ్మం దగ్గర బల్ల మీద, వచ్చినవాళ్లు తమ అభిప్రాయం రాసే పుస్తకం ఉంటుంది. దదాన్ గారికి ఆ పుస్తకమంటే ప్రాణం. ఓనెంగ్‌కు చదువు రాదు. ఏం రాయమంటారని కాపలా అమ్మాయి అడిగింది. ఆమె ఆలోచించుకుని చెప్పింది, నాకు ఇక్కడిదాకా వినపడింది.

"ఇక్కడ ఏడవొచ్చని రాయమ్మా."

ఆ అమ్మాయి రాసింది.