రోప్‌వే పేజీలో ఎర్ర అక్షరాలు

ఆదివారం పొద్దున్న అత్తయ్య బట్టలు మడతపెడుతుంటే, నేను భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచాను. అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో ఏ విషయం ఎక్కణ్ణుంచి తీసుకున్నామో చెప్పే మూలాల్లో తెగిపోయినవాటిని బాగుచేయడం నా వ్యాపకం.

"మొదలైంది జీతం లేని ఉద్యోగం," అన్నారు అత్తయ్య. "మా వాడి చొక్కాకి గుండీ ఊడితే కుట్టే నాథుడు లేడు."

"మీ వాడికీ చేతులున్నాయిగా అత్తయ్యా!"

ఆ రోజు సరిచేయాల్సిన వాటిలో మా ఊరి రోప్‌వే పేజీ కనిపించింది. మా ఆయన ఆ రోప్‌వేకి మేనేజరు. పేజీలో అక్కడక్కడా ఎర్ర అక్షరాలు: ఈ మూలం దొరకడం లేదు.

కారణం నాకు తెలుసు. ఒక మూలం వివరాలను పేజీలో ఒక్కచోటే పూర్తిగా రాస్తాం. మిగతాచోట్ల దాని పేరు పెట్టి ఊరుకుంటాం. ఆ ఒక్కచోట ఉన్నదాన్ని ఎవరైనా తీసేస్తే, వేరు తెగిన పాదులా మిగతావన్నీ వాడిపోతాయి.

పాత మార్పులు తిరగేశాను. నిన్న ఒక పేరా మాయమైంది. కొండ మీద రోప్‌వే తాడును తిప్పే చక్రం ఇరుసులో పగుళ్లున్నాయనీ, అది మార్చేదాకా రోప్‌వే నడపొద్దనీ తనిఖీ ఇంజనీరు చెప్పినట్టు వచ్చిన పత్రికావార్త ఆ పేరాలో ఉంది. రోప్‌వే పొడవుకీ, మొదలైన ఏడాదికీ కూడా ఆ వార్తే మూలం. ఆ పేరా తీసేసిన ఖాతా, పోయినేడు నేనే మా ఆయనకు తెరిచి ఇచ్చినది. పక్కన 'చిన్న సవరణ' అని రాసి ఉంది.

మా ఆయన్ని పిలిచాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, తెర చూసి ఆగిపోయారు.

"ఇరుసు మార్చారా?" అన్నాను.

"ఆర్డర్ పెట్టాం."

"మార్చారా అని అడుగుతున్నా."

"సెలవుల రద్దీ తగ్గాక మారుద్దామన్నారు ఓనరు గారు. నువ్వు దాన్ని కెలక్కు. పేరా లేకుండానే ఆ ఎర్రవి పోగొట్టొచ్చుగా?"

పోగొట్టొచ్చు. మూలం వివరాలను పొడవు చెప్పే వాక్యం పక్కకు మారిస్తే సరి, చిటికెలో పని. ఇక ఎవరి కన్నూ అటు పడదు.

"ఇవాళ నడుస్తోందా?"

"క్యూ గేటు దాటిందట."

అత్తయ్య చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "ఏవిట్రా? పిల్లలెక్కేదేనా?"

"నీకు తెలీదులే అమ్మా."

"తెలీకే అడుగుతున్నా. నువ్వెక్కుతావా దాన్ని?"

ఆయన నా వైపు తిరిగి, "ఉద్యోగం పోతే?" అన్నారు.

"పోతే పోనీ అనేంత ధైర్యం నాకూ లేదండీ. అద్దె ఎంతో నాకూ తెలుసు."

అంటూనే పేరాను ఉన్నచోట పెట్టి, నా ఖాతాతోనే భద్రపరిచాను. ఎర్ర అక్షరాలు పోయాయి.

ఆ పేజీ ఎవరు మార్చినా ఓనరుకి కబురందుతుందట. వెంటనే ఫోన్ మోగింది. అవతలి అరుపు బల్ల ఇవతలికి వినబడింది. "ఎవడో మళ్లీ పెట్టాడయ్యా! తీసెయ్!"

ఆయన తల్లిని చూశారు. నన్ను చూశారు.

"ఎవడో కాదు సార్, మా ఆవిడ. తీయను. రోప్‌వే కూడా ఆపిస్తున్నా."

అవతల ఇంకా అరుస్తుండగానే ఫోన్ పెట్టేసి, రోప్‌వే నడిపే ఆపరేటరుకి చేశారు. మోగుతోంది. ఎత్తడం లేదు.

"ఆ గోలలో వినబడదు," అంటూ ఫోన్ నా చేతిలో పెట్టి చెప్పులేసుకున్నారు. "నువ్వు చేస్తూనే ఉండు. ఎత్తితే, కొత్తగా ఎవర్నీ ఎక్కించొద్దని చెప్పు. కొండ మీదున్నవాళ్లని మెట్ల మీదుగా దించమను."

ఆయన పరిగెత్తారు. నేను నంబరు నొక్కాను. అత్తయ్య నా పక్కన కుర్చీలో కూర్చుని, ఫోన్‌కి చెవి ఆనించారు.