లక్క ముద్ర

తెల్లవారి ఆరున్నరకల్లా ఆ వీధి మలుపులోని పొడవాటి గది ముందు తల్లులు బారులు తీరేవారు. చంకలో బిడ్డ, చేతిలో అన్నం గిన్నె, భుజాన సంచి. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ గేటు ఏడింటికి మూసేస్తారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ పూట పని లేదు. గది గుమ్మంలో నిలబడే ముసలామె మాత్రం ఎవరి తొందరనూ ఖాతరు చేసేది కాదు. ఒక్కో బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరముందేమో చూసేది. గోళ్లు చూసేది. ముక్కు కారుతున్న బిడ్డను తెస్తే ముందు తల్లిని కడిగిపారేసి, ఆ తర్వాత బిడ్డ ముక్కు తుడిచేది. దూలానికి నాలుగు దుప్పటి ఉయ్యాలలు కట్టి ఉండేవి కనుక అందరూ ఆమెను ఉయ్యాలమ్మ అనేవారు.

ఇరవై రెండు మంది పిల్లలు. ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చేవారు. ఒక్క షరతు మాత్రం తప్పేది కాదు. నెలకొకసారి, తన సెలవురోజున, ప్రతి తల్లీ వచ్చి ఆ గదిలో ఒక పూట పని చేయాలి. ఫ్యాక్టరీలో మిగతావాళ్లకు ఆ రోజు కూడా షిఫ్టు ఉండేది. ఎవరైనా గొణిగితే ఉయ్యాలమ్మ జవాబు ఒక్కటే: అమ్మతనం అద్దెకు దొరకదు.

గొణిగేవాళ్లలో అందరికంటే ముందుండేది కాజాల పిల్ల. చొక్కాలకు కాజాలు కుట్టే పనిలో చిన్నప్పుడే చేరింది. పెళ్లయి మూడేళ్ల కూతురున్నా ఆ పేరు పోలేదు. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ఆరు రోజులు మిషను ముందు నడుం విరగ్గొట్టుకుని, ఏడో రోజు ఊళ్లోవాళ్ల పిల్లల ముడ్లు కడగాలా అని ఆమె బాధ. ఆ బాధ అబద్ధం కాదు. కానీ నిజమైన బాధకు కూడా తప్పుడు మందు వేసుకునేవాళ్లుంటారు.

ఆ మందు పట్టుకుని ఒకరోజు వార్డు నాయకుడు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. ప్రభుత్వమే పిల్లల కేంద్రం తెరుస్తుందట. ఫ్యాన్లు, పాలు, బొమ్మలు, ట్రైనింగైన ఆయాలు, అన్నీ ఉచితం. తల్లులు వేలు కూడా కదపనక్కర్లేదు. ఈ కాగితం మీద సంతకాలు పెడితే చాలన్నాడు. వచ్చే సెలవురోజు కాజాల పిల్ల వంతు. కాగితంలో ఏముందో చదవకుండా మొదటి సంతకం ఆమే పెట్టింది.

పదిహేను రోజులకు టేపు పట్టుకుని ఒక అధికారి వచ్చాడు. గది పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, గుమ్మం ఎత్తు కొలిచాడు. వెడల్పు జానెడు తక్కువ. గదికి బయటికి పోయే రెండో తలుపు లేదు. ఉయ్యాలమ్మకు సర్టిఫికెట్టు లేదు. ముప్ఫై ఏళ్లలో ఆ గదిలో ఎంతమంది పిల్లలు పెరిగారో, ఒక్కరికైనా దెబ్బ తగిలిందో లేదో ఆయన అడగలేదు. ఆయన టేపు మీద దానికి గీతలు లేవు. పిల్లల్ని బయటికి పంపి, తలుపుకు తాళం వేసి, తాళం మీద ఎర్రలక్క కరిగించి ముద్ర గుద్దాడు. ఆ గది వెనకే ఉన్న సొంత ఇంట్లోకి ఉయ్యాలమ్మ పెరటి దారిన వెళ్లాల్సి వచ్చింది.

తల్లులు ఆ రోజు పెద్దగా బాధపడలేదు. నెలలో కేంద్రం వస్తుందిగా అనుకున్నారు. కేంద్రం వచ్చింది కూడా. మెయిన్ రోడ్డు మీద రంగులేసిన భవనం, పెద్ద బోర్డు, రిబ్బను కత్తిరింపు, ఫొటోలు. మర్నాటి నుంచి దానికి తాళం. ఆయా పోస్టులు ఇంకా మంజూరు కాలేదట. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో ముగ్గురు ఆడపిల్లలు తమ్ముళ్లను చూసుకోవడానికి బడి మానేశారు. ఇద్దరు తల్లులు పని మానేశారు. ఇంట్లో మరో మనిషి లేనివాళ్లు బిడ్డల్ని ఇంట్లో పెట్టి బయట గడియ వేసుకుని పోయారు.

కాజాల పిల్ల కూడా గడియ వేసింది. అన్నం గిన్నె అందేలా పెట్టేది, పొయ్యి చల్లార్చేది, బకెట్టు బోర్లించేది. కిటికీ సంగతి తట్టలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆ మూడేళ్ల పిల్ల పెట్టె ఎక్కి, పెట్టె మీంచి కిటికీ ఎక్కి, అమ్మా అని పిలుస్తూ వీధిలోకి వంగి, కింద బట్టలుతికే బండ మీద పడింది.

ప్రాణం దక్కింది. మోచెయ్యి రెండుచోట్ల విరిగింది. ఎముక అతుకుతుంది గానీ చెయ్యి పూర్తిగా చాచలేదమ్మా అన్నాడు డాక్టరు. లారీ డ్రైవరు ఆ రాత్రికి రాత్రే బండి వెనక్కి తిప్పుకుని వచ్చి, గోడకేసి తిరిగి కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

పాఠకులారా, కథ ఇక్కడితో ఆగినా మన కడుపు మండడానికి చాలు. కానీ ఆగలేదు. వారం తిరక్కుండా ఆమెకు నోటీసు వచ్చింది. బిడ్డను ఇంట్లో ఒంటరిగా వదిలిన నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇవ్వాలట. కింద సంతకం టేపు పట్టుకొచ్చిన ఆ అధికారిదే.

కట్టుతో ఉన్న బిడ్డను చంకనేసుకుని ఆమె ఆఫీసుకు వెళ్లింది. ఈ సీటు ఆ సీటుకు పంపింది, ఆ సీటు మేడ మీదికి పంపింది. చివరికి ఆయన దొరికాడు.

"ఆ గది మూసింది మీరే కదా సార్?"

"మూశానమ్మా. వెడల్పు తక్కువ."

"మరి నా ఇంటి కిటికీ కొలవలేదేం?"

"అది మా పరిధిలోకి రాదు."

ఆమె గొంతు లేచింది. గది నిండా తలలు ఇటు తిరిగాయి. ఆయన కోపగించుకోలేదు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, ఇంటి దగ్గర ఆయనకూ పిల్లలుండి ఉంటారు. బీరువాలోంచి ఫైలు తీసి ఆమె ముందు పెట్టాడు. గేటు దగ్గర పెట్టిన సంతకాల కాగితం అది. ప్రస్తుతం తమ పిల్లలు ఒక ప్రైవేటు ఇంట్లో ప్రమాదకర పరిస్థితుల్లో ఉన్నారని, వెంటనే చర్య తీసుకోవాలని అందులో రాసి ఉంది. మొదటి సంతకం ఆమెది.

"నాకు మీ వీధి ఎక్కడుందో కూడా తెలీదమ్మా. మీరు పిలిస్తే వచ్చాను," అన్నాడాయన.

దారంతా ఆమె కోపం రెండుగా చీలి రగిలింది. సగం ఆ ఆఫీసు మీద, సగం తన కుడిచేతి మీద. నేరుగా ఉయ్యాలమ్మ పెరట్లోకి వెళ్లి, సంతకం సంగతి తనే చెప్పి తలొంచుకుంది. ఓదారుస్తుందేమోనని ఎక్కడో చిన్న ఆశ. ఉయ్యాలమ్మ ఓదార్చే మనిషి కాదు.

"గవర్నమెంటే వద్దని నేననను. దొంగని పట్టుకోమను, రోడ్డు వెయ్యమను. ఏ రోజైనా నేనొక బిడ్డని కొడితే నన్ను జైలుకి ఈడ్చుకుపొమ్మను. కానీ బిడ్డ ముక్కు తుడవడానికి దానికి చేతులెక్కడివే? దానికున్నదల్లా టేపూ లక్కానూ. నెలకొక్క పూట బరువైందని దించుకున్నావు. అది గాల్లో ఉంటుందా? పోయి నీ కూతురి మీద పడింది."

మర్నాడు పని మాని కాజాల పిల్ల ఇల్లిల్లూ తిరిగింది. తన తప్పు ముందు చెప్పుకుని, ఆ తర్వాత గది తెరిపించడానికి తనతో రమ్మని వాళ్లను అడిగింది. కొందరు ముఖం చాటేశారు. కేంద్రం ఇవాళో రేపో తెరుస్తారటగా, తొందరెందుకన్నారు. పదిహేనుమంది మాత్రం వచ్చారు. అందరూ ఆఫీసుకు వెళ్లి, మీ కేంద్రం మాకు వద్దు, మా గది మాకు వదిలేయండని అడిగారు. గుమస్తా చాలాసేపు వెతికి, కేంద్రం కావాలంటే ఫారముంది గానీ ఏమీ వద్దనేవాళ్లకు తమ దగ్గర ఫారం లేదన్నాడు. వెక్కిరించడానికి అన్న మాట కాదది. నిజంగానే లేదు.

వాళ్లు తిరిగొచ్చిన రోజే, మిట్టమధ్యాహ్నం, వీధంతా చూస్తుండగా కాజాల పిల్ల సుత్తితో ఆ లక్కముద్ర పగలగొట్టింది. వార్డు నాయకుడు పరుగున వచ్చి, అది నేరమని, వారం ఆగితే పైవాళ్లతో మాట్లాడతానని చెప్పాడు. మీరు మాట్లాడింది చాలంది ఆమె. పగలగొట్టింది తనేనని తన పేరుతో ఉత్తరం రాసి ఆఫీసుకు తనే పంపింది. ఆ పదిహేనుమందీ కింద సంతకాలు పెట్టారు. ఈసారి అందరూ చదివి పెట్టారు.

అధికారి చెప్పినవాటిలో ఒక్క మాట సబబైనదే. ఇరుకు గదికి రెండో తలుపుండాలి. లారీ డ్రైవరూ మరో ముగ్గురు తండ్రులూ కలిసి ఒక్కరోజులో గోడ కొట్టి తలుపు పెట్టారు. దానికి ఎవరి మంజూరూ అక్కర్లేకపోయింది. గది మళ్లీ నడిచింది. తల్లులు తగ్గారు కనుక వంతు నెలకు రెండు పూటలైంది. గొణిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, గొణుక్కుంటూనే వస్తున్నారు.

ముద్ర పగలగొట్టిన కేసు మాత్రం నడిచింది. వాయిదా వాయిదాకూ కాజాల పిల్ల ఒక పూట పని పోగొట్టుకుని, వంకర చెయ్యి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లేది. నాలుగో వాయిదాలో విచారణాధికారి కాగితాలు తిరగేసి, కేంద్రం మూసే ఉంది, గదికి అనుమతి లేదు, మరి ఈ పిల్లలకు పూచీ ఎవరని అడిగాడు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.

"మేమేనండి. మా పిల్లలకి ఎవరైనా కీడు చేస్తే శిక్షించడానికి మీరుండండి, అంతవరకు చాలు. నా పూచీ నేను దులుపుకుని మీ నెత్తిన పెట్టబట్టే నా బిడ్డ చెయ్యి విరిగింది. ఇంకెవరికీ ఇవ్వను."