కడిగేసిన అద్దం

ఆదివారం ఉదయం ఏడయ్యేసరికి కళ్లద్దాల షాపాయన బైపాసు రోడ్డు మీది కాఫీ కొట్టు దగ్గర ఉంటాడు. లిఫ్టులు తనిఖీ చేసే ఆయన తోడల్లుడూ అక్కడికే వస్తాడు. ఇద్దరివీ దూర ప్రయాణాల భారీ మోటార్‌సైకిళ్లు, ఒక్కోటీ పావు టన్ను. షాపాయనది చైను లేని షాఫ్టు బండి, తోడల్లుడిది చైను బండి. నా సీటు మెత్తనంటే నా సీటు మెత్తన, నీ టాంకు చిన్నదంటే నీ స్టాండు వంకర. పదకొండేళ్ల తగువు. ఒక్కడూ ఒక్క మెట్టు దిగలేదు.

అంతంత బండ్ల ముందు అద్దంలో చివరిసారి తిరిగిన దారి నిలిచిపోతుంది కదా, ఎండ పడితే సినిమాలా కదులుతుంది, నీళ్లు పడేదాకా పోదు. అందుకే అక్కడికొచ్చే వాళ్లెవరూ అద్దాలు కడగరు. బండిని ఎండకి తిప్పి నిలబెట్టి, "ఇదిగో, మొన్నటి ఘాట్ రోడ్డు!" అని చూపించుకుని మురిసిపోతారు.

తోడల్లుడి అద్దం మాత్రం నాలుగు నెలలుగా తళతళలాడుతోంది.

"ఎందుకయ్యా అంత కడుగుడు?"

"దుమ్ము, అన్నయ్యా."

"మా బండ్లకి పట్టేది సెంటా మరి?"

తోడల్లుడు నవ్వేసి మాట మార్చాడు. ఆరు రోజుల కొండదారి ప్రయాణం కూడా రెండుసార్లు వాయిదా వేయించాడు. షాపాయన ఆ ప్రయాణం కోసం రెండేళ్లుగా కలలు కంటున్నాడు. మూడోసారి మాత్రం వినేది లేదు, వచ్చే నెల పదిన బయల్దేరాల్సిందేనన్నాడు.

ఇంటికెళ్తే భార్య ఇంకో నిప్పు రాజేసింది. "మా చెల్లి ఒకటే ఏడుపు. ప్రతి బుధవారం సెలవు పెట్టి బండేసుకుని పోతున్నాడట. ఎక్కడికంటే చెప్పడట. కాస్త కనుక్కోండి."

షాపాయనకి ఒళ్లు మండిపోయింది. బుధవారం సెలవు, ఆ వెంటనే అద్దం కడుగుడు! ఇంకేం కావాలి? ఎవత్తో ఉంది. అమాయకపు మరదలి బతుకు బజారున పడేస్తున్నాడు వెధవ, అనుకున్నాడు.

బుధవారం షాపుకీ సెలవే. ఎప్పటిలాగే చెరువు రోడ్డున రెండు గంటలు తిరిగి, ఇంటికి పోకుండా తిన్నగా తోడల్లుడి వాకిట్లో దిగాడు. రెండు నిమిషాలకి చైను బండి లోపలికొచ్చింది. తోడల్లుడు హెల్మెట్ తియ్యకుండానే కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ మగ్గు కింద పెట్టు!"

తోడల్లుడు ఉలిక్కిపడ్డాడు. "కడిగి చూపిస్తా, అన్నయ్యా."

"కడిగాక చూసేదేముంది, నా మొహం?"

మగ్గు లాక్కుని షాపాయన బండెక్కి కూర్చున్నాడు. అద్దం మీద ఎండ పడింది. చెరువు రోడ్డు కనబడింది. ఆడమనిషి జాడ లేదు. ముందు ఎవడిదో బండి ఎడమకి జారుతూ పోతోంది. పక్క సందులోంచి నీళ్ల ట్యాంకర్ ముక్కు బయటపెట్టింది. వాడు తలైనా తిప్పలేదు.

"ఎవడ్రా ఈ తాగుబోతు, చచ్చేలా ఉన్నాడే!" అనేశాడు షాపాయన.

ట్యాంకర్ వెంట్రుకవాసిలో ఆగింది. వెనకనుంచి హారన్ మోగినట్టుంది, ముందువాడు విసుగ్గా చెయ్యి ఊపాడు. పసుపు హెల్మెట్. బండి ఎడమపక్క సామాన్ల పెట్టె మీద మూడు గీతలు. ఆ గీతలు పార్కింగులో ఎవడో గీశాడని వాచ్‌మన్‌ని నానా మాటలూ అన్నది తనే. గంట క్రితం వెనక ఎవడో హారన్ కొడితే చెయ్యి ఊపిందీ తనే.

షాపాయన తోడల్లుడి వైపు తిరిగాడు. "ఎన్నాళ్లుగా నా వెనక వస్తున్నావ్?"

"మీ పెట్టెకి మొదటి గీత పడ్డప్పటి నుంచి. కళ్లు చూపించుకోమని మూడుసార్లు చెప్పా, అన్నయ్యా. మీరు షాపులో చార్టు ముందు నిలబడి చివరి వరసదాకా గడగడా చదివేశారు. అది మీకు నోటికొచ్చు కదా!"

"మా మరదలికైనా చెప్పొద్దూ?"

"చెప్తే సాయంత్రానికి వదినకి తెలుస్తుంది."

"మరి అద్దం?"

"ఊరందరి కళ్లూ చూసే మనిషి మీరు. కాఫీ కొట్టు దగ్గర పదిమందీ ఇది చూస్తే ఏం బాగుంటుంది?"

షాపాయనకి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. ఇలాంటివాడికా ఎవత్తో ఉందని నేను అనుకున్నది! హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు కంటి డాక్టరు ముందు కూర్చున్నాడు. ఎడమపక్క చూపు చాలావరకు పోయిందనీ, చుక్కలు వేసుకుంటే మిగిలింది నిలుస్తుందనీ, బండి మాత్రం ముట్టుకోవద్దనీ డాక్టరు చెప్పాడు. షాపాయన తాళం తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

పదో తారీఖు ప్రయాణం మాత్రం ఆగలేదు. ఇద్దరూ చైను బండి మీదే వెళ్లారు, షాపాయన వెనక కూర్చుని.

తిరిగొచ్చిన ఆదివారం అద్దం కడగలేదు. కాఫీ కొట్టు దగ్గర అందరూ మూగారు. అద్దంలో కొండదారి సాగుతోంది. ఒక మలుపులో ఎడమవైపు సగం రోడ్డు కూలి లోయలోకి పోయింది. తోడల్లుడి బండి కుడికి ఒరిగి దాటేసింది. షాపాయన ఆ గుంటని చూడటం ఇదే మొదటిసారి. ఆ రోజు వెనక కూర్చుని, అక్కడ రోడ్డు భలే నున్నగా ఉందనుకున్నాడు.

కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"తమ్ముడూ, నీ సీటే మెత్తన" అన్నాడు.

"ఏంటన్నయ్యా? వినపడలేదు."

"నీ సీటే మెత్తన!" అని అరిచాడు షాపాయన, పదిమందికీ వినపడేలా.